పద్నాలుగో వరుస

బతు బస్తీ, పోర్ట్ బ్లెయిర్
9 జూలై 2000

మా పిన్నికి,

ఇక్కడ అందరం తడిసి ఉన్నాం, అంటే బాగానే ఉన్నాం అని. పదకొండు రోజులుగా ఒకటే వాన. ఆరేసిన బట్టలు ఆరకముందే బూజు పడుతున్నాయి. నీ మోకాలు ఎలా ఉంది? ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న కామమ్మ వదిన ఎలా ఉంది? వదినా, నీ మావగారి పక్షవాతానికి మందు మార్చారని రాశావు, గుణం కనిపించిందా? పిన్నికి మధ్యలో వదిలేయకుండా అన్నీ చదివి చెప్పు.

నేనొక కొత్త పని పెట్టుకున్నాను పిన్నీ. శనివారం శనివారం పాత రికార్డుల గదికి వెళుతున్నాను. ఉద్యోగం కాదు, ఊరికే, ఇష్టంకొద్దీ. "వారమంతా పిల్లల పేపర్లు దిద్ది, శనివారం పోయినవాళ్ళ పేపర్లు చదువుతావా" అని సత్యారావు నవ్వుతున్నాడు. (అవును, మా ఆయన్ని ఇంకా పేరు పెట్టే పిలుస్తున్నాను. నువ్వు చెవులు మూసుకో.)

మొన్న మే నెలలో గణేశ్వరరావు గారని ఒకాయన మా కాలేజీకి వచ్చాడు. ఆ గదికి రికార్డు కీపరు. పెరిగింది ఇక్కడే, మనలాగే ఆంధ్రా ఒడ్డునుంచి వచ్చినవాళ్ళ కొడుకు. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి "దీదీ, తెలుగు చదవడం వచ్చినోళ్ళు ఇక్కడ కౌన్ హై?" అని అడిగాడు. తెలుగు మాట్లాడేవాళ్ళం ఆరుగురం ఉన్నాం. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్ళంతా ఇక్కడి హిందీ బళ్ళలో చదివినవాళ్ళు. నేనూ అక్కడే చదివాను, కానీ నాకు నువ్వున్నావు కదా. సాయంత్రమయ్యేసరికి కనిపించిన ప్రతి తెలుగు కాగితం నా చేత చదివించుకునేదానివి. ఓడలో మూడు వారాలు ఆలస్యంగా వచ్చే పేపరు, ఎవరిదో శుభలేఖ, ఆఖరికి సబ్బు చుట్టిన కాగితం కూడా. "నాకు రాదు కదే, చదివి పెట్టు" అనేదానివి. ఆ విసుగు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

"రెండు బస్తాల కాగితాలున్నాయి దీదీ, సెటిల్మెంట్ టైమువి," అన్నాడాయన. "పైన 'తెలుగు, తర్జుమా కాలేదు' అని రాసుంది. ముప్పై ఏళ్ళు నేనే కాపాడినాను. చెద పట్టకుండా చూత్తాను, నాడా మారుత్తాను. లోపల ఏటుందో మాత్రం భగవాన్ జానే."

చదవడం రాని కాగితాలని ముప్పై ఏళ్ళు కాపాడిన మనిషి! నేను పాఠాలు చెబుతున్న ఇరవై ఏళ్ళలో ఎవరికైనా ఏదైనా కాపాడానా అని నాకు అనుమానమే. ఆయన పని చూస్తుంటే నా చేతులు వాటంతట అవే నెమ్మదిస్తాయి. గుమ్మం దగ్గరే పెన్నులు తీసి పెట్టేయాలి, లోపల పెన్సిలు ఒక్కటే. వానాకాలంలో ఒకసారికి ఒకే కట్ట విప్పుతాడు. మెత్తని కుంచెతో ధూళి తీసి, ఫ్యాను కింద ఆరనిచ్చి, పసిపిల్లని అందించినట్టు రెండు చేతులతో అందిస్తాడు. "మనం ఏటీ కలపకూడదు దీదీ, ఏటీ తియ్యకూడదు. తప్పుంటే అది దాని తప్పే. సెప్పాల్సిందుంటే అలగ్, వేరే చీటీ మీద పెన్సిలుతో రాసి జత కట్టాలి" అంటాడు.

మొదటి రోజు నా చేతికొచ్చింది 1959 నాటి అర్జీ. పెట్టుకున్నవాడు అప్పలరాముడు. పేరు చదవగానే ఆయన కుంచె కింద పెట్టేశాడు. "మా అయ్య" అన్నాడు. చదివాను: "మేము సంతకము రానివారము. మా బిడ్డలు అట్లు ఉండరాదు. ఏ భాషలో చెప్పినను సరే, ఒక బడి పెట్టించవలెను." ఏ భాషలో చెప్పినా సరే అన్నాడు, హిందీలో చెప్పారు. ఆ చదువుతోనే కొడుక్కి ఈ ఉద్యోగం వచ్చింది, ఆ చదువువల్లే తండ్రి కాగితం చదవలేకపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఫిర్ సే, దీదీ" అన్నాడు. మూడుసార్లు చదివాను.

పిన్నీ, నిన్ను అడగాలనుకున్నది ఇది. నేను ఇప్పటిదాకా చూసిన ఇరవై అర్జీలూ ఒకే చేతి రాత. వేలిముద్రలు వేరు, మనుషులు వేరు, రాసింది మాత్రం ఒక్కరే. గుండ్రంగా, నిదానంగా, కొట్టివేత అన్నది లేకుండా. మేం తయారు చేస్తున్న జాబితాలో 'రాసినవారు' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంది. మొదట్లో మనవాళ్ళంతా రేకుల షెడ్డులో ఉండేవారు కదా, అప్పుడు రాయడం వచ్చినవాళ్ళెవరు?

నీ రత్నం

*

బతు బస్తీ
20 ఆగస్టు 2000

పిన్నీ,

కామమ్మ వదిన నీ మాటగా రాసిన కార్డు అందింది. "ఎవడో గుమస్తా అయ్యుంటాడు, నాకేటి తెలుసు. వానలో తిరగమాకు, గొడుగు పట్టుకెళ్ళు." అంతేనా? నలభై మంది పేర్లూ, వాళ్ళ కోళ్ళ పేర్లూ కూడా గుర్తున్న నీకు ఆ ఒక్క మనిషి గుర్తు లేడా?

సరేలే. అతనెవరో తెలియకపోయినా నేను అతని అభిమానినైపోయాను. విశ్వవిద్యాలయంలో పెద్ద పెద్దవాళ్ళ వ్యాసాలు చదివాను కానీ, ఎదుటివాణ్ణి ఇంత గౌరవంగా పట్టుకుని కదలనివ్వని రాత నేను చూడలేదు. మనవాళ్ళకి ఫెరార్గంజ్‌లో వరి భూమి ఇస్తామన్నారట, గుర్తుందా? దానికి జవాబు: "అయ్యా, మా చేతులకు తెడ్డు తెలుసును, నాగలి తెలియదు. నేర్చుకొనుమన్న నేర్చుకొందుము. అందాక మా బిడ్డలు తినవలసిన కూడు సముద్రములోనే ఉన్నది." అటు కాదనలేదు, ఇటు ఒప్పుకోలేదు. అడ్డంగా నిలబడింది అంతే.

ఇంకొకటి బుల్లమ్మది, మొగుడు తుఫానులో పోయినామె. ఆమెకి సాయం ఇవ్వడానికి ఎవరో ఆఫీసరు సందేహించాడు కాబోలు, మనిషి పోయిన దుఃఖం ఆమెలో కనబడలేదని. అర్జీలో ఏముందో తెలుసా? "ఈమె తమ యెదుట ఏడ్వలేదు, నిజమే. చూచువారి కొరకు ఏడ్చు అలవాటు ఈమెకు లేదు. తెల్లవారుజామున వల దులుపునప్పుడు తమరు రాగలిగిన చూడగలరు." గణేశ్వరరావు గారికి హిందీలో అర్థం చెప్పాను. ఆయన "వాహ్" అని, "ఇది గుమస్తా రాత కాదు దీదీ" అన్నాడు.

నాకూ అదే అనిపించింది. గుమస్తాకి బుల్లమ్మ వల దులిపేవేళ ఏడుస్తుందని ఎలా తెలుస్తుంది?

ఇంకొక చిత్రం ఉంది. మనుషుల జాబితా ఉన్న ప్రతి అర్జీలోనూ అన్ని పేర్లూ ఆ గుండ్రటి చేతిలోనే ఉంటాయి, ఒక్క పేరు తప్ప. దానికి చోటు వదిలేసి ఉంటుంది. ఆ చోటులో వేరే ఎవరో లావుపాటి అక్షరాలతో పేరు నింపుతారు. ప్రతిసారీ అదే పేరు. మన చిన్నాన్న పేరు. ఎందుకో నాకింకా అర్థం కాలేదు.

నిన్న చూసింది రాయాలా వద్దా అని రోజంతా ఆలోచించాను. వదినా, ఇది నెమ్మదిగా చదువు. 1958 జనవరి. షెడ్లలో ఒక నర్సుని ఉంచమని అర్జీ. "ఈ నెల ఎనిమిదవ తేదీన జోగులు భార్య గురమ్మ జ్వరము వలన చనిపోయినది. ఆసుపత్రికి తీసికొనిపోవు పడవ దొరకలేదు. ఈమె బిడ్డ నూకరత్నమునకు నాలుగు నెలలు. ఈ బిడ్డకు జరిగినది జరిగినది. ఇంకొక బిడ్డకు జరుగరాదని కోరుచున్నాము."

మా అమ్మ గురించి నేను చదివిన మొదటి అక్షరాలు ఇవి, పిన్నీ. నలభై రెండేళ్ళు అవి నాకు మైలు దూరంలో నాడా కట్టుకుని కూర్చున్నాయి. ఫొటో లేని అమ్మ. 'ఈ నెల ఎనిమిదవ తేదీ' అన్నచోట పెన్సిలు కాస్త గట్టిగా నొక్కినట్టుంది. వేలితో తడుముదామనుకున్నాను. గణేశ్వరరావు గారు చూస్తున్నాడని మానేశాను. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు. అప్పుడు తడిమాను.

ఆ రోజు నన్ను ఎత్తుకున్నది నువ్వేనని తెలుసు. రాసింది ఎవరో చెప్పు.

రత్నం

*

బతు బస్తీ
8 అక్టోబరు 2000

పిన్నీ,

ఈసారి నీ నుంచి కార్డు కూడా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసనుకుంటున్నాను.

కామమ్మ వదినా, నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను. ఇక్కడితో చదవడం ఆపు. కింద ఏముందో చూడకుండా ఈ కాగితాలు మడిచి పిన్ని చేతిలో పెట్టు. "ఆవిడకి అక్షరమ్ముక్క రాదు కదా" అంటావు. ఫరవాలేదు. పెట్టు.

పిన్నీ, ఇప్పుడు మనిద్దరమే ఉన్నాం.

నాకు ఆరేళ్ళప్పటి రేషన్ షాపు గుర్తుందా? ఆ దుకాణమాయన కార్డు పట్టుకుని "ఆద్మీ కా నామ్ బోలో, అమ్మా" అనేవాడు. నువ్వు పైకప్పు చూసేదానివి. వెనకనుంచి నా వీపు మీద గిల్లేదానివి. నేను "తాతబ్బాయి!" అని అరిచేదాన్ని. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది, "నువ్వే చెప్పొచ్చు కదా" అని. "పెనిమిటి పేరు నోట్లోంచి రాకూడదే, ఆయుస్సు తగ్గిపోద్ది" అనేదానివి.

మొన్న శనివారం కట్ట విప్పుతుంటే ఆ గిల్లుడు వీపు మీద తగిలింది. మనవాళ్ళలో ఇంతమంది పేర్లు రాసి, ఒకే ఒక్క మగాడి పేరు దగ్గర మాత్రం చోటు వదిలేసే మనిషి ఎవరు? గుమస్తా ఎందుకు వదులుతాడు? ఆ మగాడి పెళ్ళామైతే వదులుతుంది. నోటితో అననిది చేతితో మాత్రం ఎలా రాస్తుంది?

పొరపాటు పడుతున్నానేమోనని ఎప్పటిలాగే వందసార్లు అనుకున్నాను. అయినా ఒక్క మాట మాత్రం నా అనుమానాలన్నింటికంటే గట్టిగా ఉంది. పిన్నీ, అది నీ రాత. ఇన్నాళ్ళూ నేను అభిమానించింది నిన్నే.

ఇక్కడితో ఆపగలిగితే ఎంత బాగుండేది.

చోటు నింపిన ఆ లావుపాటి అక్షరాలు మా నాన్నవని అప్పుడు గాని పోల్చుకోలేదు. పడవ పక్కన నంబరు వేసినప్పుడూ, నా బడి ఫారం మీద సంతకం చేసినప్పుడూ చూసిన అక్షరాలు. పదకొండు అర్జీల్లో నువ్వు వదిలిన చోట నాన్న 'తాతబ్బాయి' అని తమ్ముడి పేరు రాశాడు. కిరసనాయిలు కోసం, నూలు కోసం, బావి కోసం. పన్నెండోది 1958 ఏప్రిల్‌ది. ఇళ్ళ స్థలాలకి కుటుంబ పెద్దల జాబితా. పదమూడో వరుస జోగులు. పద్నాలుగో వరుసలో నువ్వు చోటు వదిలావు. అందులో నాన్న తమ్ముడి పేరు రాయలేదు. 'జోగులు తమ్ముడు' అని రాశాడు. అక్షరాలు వంకరలు పోయి ఉన్నాయి. పక్కన, ఆ ఒక్క జాబితాకే ఆఫీసువాళ్ళు చేసుకున్న ఇంగ్లీషు తర్జుమాలో ఉంది: పదమూడో నంబరు మీద ఆధారపడినవాడు.

మిగతా అందరికీ స్థలాలొచ్చాయి. చిన్నాన్నకి రాలేదు. మన బతు బస్తీ ఇల్లు నాన్న పేర వచ్చింది. ఆయన తర్వాత నా పేర వచ్చింది. చిన్నాన్న పోయాక, మీ తమ్ముడికి పక్షవాతం వచ్చిందని నువ్వు భీమిలి ఓడెక్కావు. అది నిజమేనని తెలుసు. కానీ ఈ ఇంట్లో ఒక్క గోడైనా నీదై ఉంటే తిరిగి వచ్చేదానివి కదా అని ఇప్పుడు అనిపిస్తోంది. పదమూడేళ్ళయింది.

కిరసనాయిలుకి తమ్ముడి పేరు గుర్తున్నవాడికి స్థలం దగ్గర ఎందుకు గుర్తు రాలేదు? ఇది నేను నిన్ను అడగడం లేదు, మా నాన్నని అడుగుతున్నాను. ఆయన పోయి ఆరేళ్ళు. నువ్వు కాక అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.

ఇంకొకటి చెప్పాలి, ఎవరికీ చెప్పనిది. చిన్నాన్నని పడవల దగ్గర అందరూ ఆటపట్టించేవారు కదా. పేరు రాయించుకునే రోజున ఆఫీసుకి వెళ్ళకుండా చెట్టు కింద పడి నిద్రపోయాడని. నాన్న అక్కడే ఉండి కూడా ఏమీ అనేవాడు కాదు. నాకు పదిహేనేళ్ళప్పుడు ఏదో సినిమాకి పంపనన్నాడని చిన్నాన్న మీద కోపమొచ్చి, "నువ్వేంటి చెప్పేది? ఆఫీసులో నీకు పేరు కూడా లేదు" అన్నాను. ఆయన నవ్వి, వల తీసుకుని బయటికి వెళ్ళి కూర్చుని బాగుచేసుకున్నాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. అప్పుడది చేతకాని నవ్వనుకున్నాను. ఇప్పుడు మా నాన్న చేసిన పనికి నేనూ వంత పాడానని తెలిసింది.

ఒక నిర్ణయానికొచ్చాను. సగం ఇల్లు నీ పేర రాయించడానికి కాగితాలు సిద్ధం చేయించాను. సత్యారావు "మంచి పని, ముందే చెయ్యాల్సింది" అన్నాడు. నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోయినా, నన్ను తిట్టడానికైనా ఒక్కసారి రా.

జాబితాలో 'రాసినవారు' గడి ఇంకా ఖాళీగానే ఉంచాను. గణేశ్వరరావు గారికి అంతా చెప్పేశాను. "దీదీ, మా అయ్య అర్జీ రాసింది మీ పిన్నా? ఎప్పుడైనా వత్తే కాళ్ళకి దణ్ణం పెట్టుకుంతాను" అన్నాడు. తర్వాత, "పద్నాలుగో వరుస మనం ముట్టకూడదు. చీటీ పెడదాం. చీటీ మీద ఏం రాయాలో తెలిసినోళ్ళని అడగండి" అన్నాడు.

అడుగుతున్నాను.

మా పిన్ని పేరు ఆ గడిలో ఇంకా రాయని
రత్నం

*

భీమిలి
2 నవంబరు 2000

చిరంజీవి నూకరత్నమునకు గవరమ్మ వ్రాయునది.

నలభై ఏళ్ళ తరువాత పెన్సిలు పట్టినాను. తప్పులుంటే దిద్దుకో. ఇలా అర్జీలాగ రాస్తే నీకు నవ్వొస్తుందేమో. నాకు వచ్చిన రాత ఇదే. చిన్నప్పుడు గురునాథం మాస్టారింటికి చేపలిచ్చి వచ్చేదాన్ని. ఆయన అరుగు మీద బడి చెప్పేవాడు. బుట్ట దించి, గోడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇక మామూలుగానే రాస్తాను.

ముందు కామమ్మ సంగతి. ఆ కాగితాలు నా ఒళ్ళో పెట్టి, "నీకేటి తెలుస్తాది అత్తా, ఇలాగియ్యి" అంది. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. పేజీ తిప్పాను. అది చేతిలో గిన్నె వదిలేసింది. "ఒలమ్మో, నీకు సదువొచ్చా! పదమూడేళ్ళు నా సేత ఎందుకు సదివించుకున్నావ్?" అని ఒకటే దెబ్బలాట. అది చదివేటప్పుడు తనకి నచ్చని లైన్లు మింగేస్తుంది రత్నం. కూరలో ఉప్పు ఎక్కువైందని నువ్వు రాసినా మింగేస్తుంది. అది పడుకున్నాక ప్రతి ఉత్తరం నేను మళ్ళీ చూసుకునేదాన్ని.

నువ్వు సదువుకున్నదానివి, సగం సరిగ్గా కనిపెట్టావు. రాసింది నేనే. చోటు వదిలిందీ అందుకే. మిగతా సగం తప్పు. నీ తప్పు కాదు, కాగితంలో లేనిది నువ్వెలా చదువుతావు?

ఆ ఏప్రిల్‌లో షెడ్డుకి కబురొచ్చింది. పేరు రాయించుకున్న కుటుంబాలకి చీట్లు తీస్తారు, సగం మందికి ఇక్కడ, సగం మందికి మాయాబందరు వైపు అని. నేను షెడ్డులో తలుపు దగ్గర కూర్చుని జాబితా రాస్తున్నాను. నువ్వు నా ఒళ్ళో ఉన్నావు. ఎడమ చేత్తో నీకు మేకపాలు పట్టడం, కుడి చేత్తో రాయడం. పద్నాలుగో వరుస చోటు వదిలి, పెన్సిలు బావగారికి, అంటే మీ నాన్నకి ఇచ్చాను. ఆయన ఎప్పటిలాగే తమ్ముడి పేరు రాయబోయాడు. అప్పుడు మీ చిన్నాన్న వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, పేరొద్దు. నీ తమ్ముడని రాయి."

"అదేటిరా, నీకు వేరే ఇల్లొద్దా?"

"పేరుంటే సీటీలో పడతాను. సీటీలో పడితే ఏ దీవికి పోతానో. ఈ గుంటనెవులు ఎత్తుతారు? నువ్వు యేటకెలితే నీ పడవలో పడుకోబెట్టుకుంటావా?"

మీ నాన్న పెన్సిలు పారేశాడు. "నీ కొంప నేను తియ్యను" అన్నాడు. మీ చిన్నాన్న దాన్ని ఏరుకొచ్చి మళ్ళీ చేతిలో పెట్టాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నేను ఊపకపోతే ఆయన రాయించేవాడు కాదు, అది కూడా నువ్వు తెలుసుకో. ఆ రెండు మాటలు రాయడానికి మీ నాన్నకి అరగంట పట్టింది. అక్షరాలు వంకరలు పోయాయని రాశావే, అది మోసపు వంకర కాదు. ఏడుస్తూ రాస్తే అక్షరాలు అలాగే ఉంటాయి.

గుంటకి చెప్పకూడదని ఆయనే ఒట్టు పెట్టించుకున్నాడు. "తెలిస్తే దానికి బరువైపోద్ది. మన సంకనెక్కి తిరగాల్సిన గుంట మనల్ని నెత్తినెట్టుకు తిరుగుద్ది" అన్నాడు. చెట్టు కింద నిద్రపోయానన్న కథ కూడా ఆయన కల్పించిందే. ఎవరో స్థలమేదని అడిగితే నవ్వులాటకి చెప్పాడు, అదే నిలబడిపోయింది.

మీ నాన్న మీద నాకు కోపం లేదని అబద్ధం రాయను. పెన్సిలు పట్టుకుంటే అబద్ధం రాయలేను, అది నా జబ్బు. ఒట్టుంటే ఉంది. పడవల దగ్గర పదిమందీ తమ్ముణ్ణి సోమరని నవ్వుతుంటే, ఒక్కసారి "కాదురా" అనాల్సింది. అంత మాట అనలేకపోయాడు. చనిపోయే ముందు నీకైనా చెబుతాడనుకున్నాను. ఆయన పోయారన్న కబురుతో పాటు ఆ మాట కూడా వస్తుందేమోనని ఎదురు చూశాను. రాలేదు.

నీకు పదిహేనేళ్ళప్పుడు నువ్వన్న మాట నాకు ఆ రోజే తెలుసు. వల బాగుచేసుకుని ఇంట్లోకొచ్చి చెప్పాడు. "గుంటకి భలే నోరొచ్చిందే, లాయరైపోద్ది సూడు" అని మురిసిపోయాడు. అది చేతకాని నవ్వు కాదే పిచ్చిదానా. ముచ్చటపడి నవ్వాడు.

మరి నాకు చదువు రాదని ఎందుకన్నాను? నువ్వు హిందీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఇంట్లో కూడా "క్యా హై, నహీ హై" అనేదానివి. పలక మీద మన అక్షరాలు పెడితే "అక్కరలేదు, బడిలో అడగరు" అన్నావు. నేను నేర్పబోతే పారిపోయేదానివి. ఒకరోజు నూకన్నగారింటి శుభలేఖ ఇచ్చి, "నాకు రాదే, నువ్వు సదివి పెట్టవా" అన్నాను. గొప్ప వచ్చేసింది నీకు. కూడబలుక్కుంటూ చదివావు. ఆ రోజునుంచి నాకు రాదు. అర్జీలు రాయమని వచ్చినవాళ్ళకి "బడి వచ్చింది, మీ పిల్లల చేత రాయించుకోండి" అని చెప్పేశాను. నువ్వు తప్పు చదివినప్పుడు నోరు మూసుకోవడమే కష్టంగా ఉండేది. అన్నేళ్ళలో అదొక్కటే కష్టం.

ఇంటి సంగతి. సగం ఇల్లు నాకెందుకు? ఆ కాగితాలు చించెయ్యి. వీధి గదిలో కిటికీ పక్కన మంచం వెయ్యి, చాలు. తమ్ముడు ఇప్పుడు కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు, నా అవసరం లేదు. జనవరిలో సముద్రం సర్దుకున్నాక ఓడెక్కుతాను. గోడ లేక రాకపోవడం కాదు రత్నం. వస్తే నువ్వు అడుగుతావు, నేను అబద్ధం చెప్పాలి, అందుకని రాలేదు. ఇప్పుడు ఆ బెడద లేదు.

ఇంకొక మాట. పురుగు తిన్న కాగితాలు ఉంటాయి కదా ఆ గదిలో. చిల్లుల్లో ఏముండేదో నాకు గుర్తుంది. నన్ను శనివారాలు తీసుకెళ్ళు. అప్పలరాముడి కొడుకు నాకు దణ్ణాలేవీ పెట్టక్కర్లేదని చెప్పు. పలక కొనుక్కోమను. వాళ్ళయ్య రాయించింది వాడే చదువుకోవాలి. చివర "ఇట్లు, తెలుగు బడి అయిన మరీ సంతోషము" అని కూడా రాయించాడు. అది నీకు కనపడి ఉండదు, అడుగున మడతలో ఉంటుంది.

'రాసినవారు' గడిలో ఏం పెడతావో నీ ఇష్టం. పద్నాలుగో వరుసకి చీటీ కావాలన్నావు. ఇందులో పెడుతున్నాను. పెన్సిలుతోనే రాశాను, మీ గది నియమం ప్రకారం. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపాను. చెయ్యి ఆ పేరు దగ్గరికి పోయి ఆగిపోతున్నది. ఆయుస్సు తగ్గుతుందని కదా రాయకూడదన్నారు. ఆయన పోయి పద్నాలుగేళ్ళయింది, ఇంక తగ్గేదేముంది. ఐదోసారికి రాసేశాను. రాసి, పైకి చదివాను. కామమ్మ విన్నది. లేచి వచ్చి పక్కన కూర్చుంది.

మీ పిన్ని
గవరమ్మ

*

(జత చేసిన చీటీ)

1958 ఏప్రిల్ జాబితాలో పద్నాలుగవ వరుసలోని మనిషి పేరు తాతబ్బాయి. ఎవరి మీదను ఆధారపడినవాడు కాడు. ఒక బిడ్డ అతనిమీద ఆధారపడినది.

వ్రాసినది: తాతబ్బాయి భార్య గవరమ్మ.